పంచాయతీ తీర్పు, కోర్టు తీర్పు: ముఖ్తార్ మాయి ఉదంతం

పాకిస్తాన్ పంజాబ్‌లోని మీర్‌వాలా గ్రామంలో 2002 జూన్‌లో, తమ్ముడిపై మోపిన నిందకు ప్రతీకారంగా, తెగ పెద్దల పంచాయతీ తీర్పు పేరుతో ముఖ్తార్ మాయిపై సామూహిక అత్యాచారం జరిగింది. తెగ పంచాయతీ దగ్గరలోనే ఉంటుంది, త్వరగా తేలుస్తుంది. అయితే రెండు వంశాల పరువు లెక్కలో స్త్రీని అది చెల్లింపుగానే చూస్తుంది. కోర్టులో ఆమె స్వయంగా ఫిర్యాదుదారుగా నిలబడగలిగింది, అదీ స్థానిక ఇమామ్ శుక్రవారం ప్రసంగంలో ఈ ఘోరాన్ని ఖండించిన తరువాతే. ఆ ఆగస్టులో ఉగ్రవాద నిరోధక కోర్టు ఆరుగురికి మరణశిక్ష విధించింది. 2005లో లాహోర్ హైకోర్టు ఐదుగురిని నిర్దోషులుగా విడిచిపెట్టి ఒకరి శిక్షను యావజ్జీవంగా మార్చగా, 2011లో సుప్రీంకోర్టు దానినే సమర్థించింది. చట్టం కూడా ఆమెను ఓడించిందనే నా అభిప్రాయం. అయినా లిఖిత కారణాలు, అప్పీలు హక్కు ఉన్న కోర్టే మేలు. జిర్గాలకు, అంటే ఇలాంటి తెగ పెద్దల సభలకు, న్యాయాధికారం లేదని అదే సుప్రీంకోర్టు 2019లో తేల్చింది.