బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వారి వెయ్యేళ్ళ లెడ్జరు: ఒక రిటైర్డ్ గుమాస్తా రివ్యూ

ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని. అందులో మొదటి పదేళ్ళూ లెడ్జర్లు చేత్తో రాసినవే. ఎకనామిక్స్ నేను చదువుకోలేదు. పద్దులు తిరగేసే అలవాటుతోనే ఈ రివ్యూ రాస్తున్నాను.

దేని గురించంటే, బ్రిటన్ కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన వెబ్‌సైటులో పరిశోధన డేటా కింద ఉచితంగా పెట్టిన ఒక ఎక్సెల్ ఫైలు. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ తాలూకు వెయ్యేళ్ళ లెక్కలని దాని పేరు. నిజానికి వెయ్యేళ్ళు నిండవు. అంకెలు వరుసకట్టేది పదమూడో శతాబ్దం నుంచి. అంతకు ముందు 1086 దగ్గర, అంటే మొదటి విలియం రాజు దేశంలో భూములు, పశువులు లెక్క రాయించిన ఏడాది దగ్గర, ఒకటి రెండు అంచనాలు ఒంటరిగా నిలబడి ఉంటాయి. పేరులో ఆ మాత్రం అతిశయోక్తి పోనిద్దాం.

నేను దీని జోలికి వెళ్ళింది వడ్డీ కోసం. రిటైరయినప్పుడు చేతికొచ్చిన డబ్బంతా డిపాజిట్లలో వేసుకున్నాను. రేటు పావు శాతం తగ్గినా ఆ రోజంతా నాకు చిరాకే. పాత సహోద్యోగి ఒకాయన ఫోన్ చేసినప్పుడల్లా "మన రోజుల్లో వడ్డీలంటే వడ్డీలండీ" అని నిట్టూరుస్తాడు. అసలు మామూలు వడ్డీ అంటే ఎంత? ఎప్పటిది మామూలు? అదీ నా అనుమానం.

తెరిచిన వెంటనే బ్యాంక్ రేటు, అంటే ఆ కేంద్ర బ్యాంకు నిర్ణయించే మూల వడ్డీ రేటు, దాని వరుస వెతుక్కున్నాను. 1719 నుంచి 1822 దాకా 5, 5, 5. ఎవరో ఒకే అంకెను కిందిదాకా లాగి వదిలేశారనుకున్నాను. తీరా చదివితే, 1714 నాటి చట్టం ప్రకారం 5 శాతానికి మించి వడ్డీ తీసుకోకూడదట. ఆ చట్టాలు పూర్తిగా రద్దయింది 1854లో. ఇక ఇటువైపు చూస్తే 1979 నవంబరులో 17 శాతం, 2009 మార్చిలో 0.5. బ్యాంకు పుట్టిన 1694 నుంచి 2008 చివరిదాకా ఆ రేటు 2 కన్నా కిందికి ఒక్కసారీ దిగలేదు. మా తరం మామూలనుకున్న పెద్ద రేట్లు ఈ పొడవాటి కాలమ్‌లో ఓ చిన్న గుట్ట. దానికి అటు పక్కంతా సమతలం, ఇటు పక్క లోయ. ఫోన్‌లో సహోద్యోగికి ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు.

ధరల కాలమ్ కూడా అంతే. 1975లో ధరలు 24 శాతం పెరిగాయంటే ఒప్పుకోవచ్చు, చూసిన కాలమే. కానీ 1815 నాటి కంటే 1914లో ధరలు తక్కువగా ఉన్నాయంటే నమ్మడానికి రెండుసార్లు చూసుకున్నాను.

ఇక అసలు సంగతి. చేత్తో రాసే రోజుల్లో ఒక లెడ్జరు నిండాక కొత్తదానికి బ్యాలెన్సులు ఎత్తిరాసేవాళ్ళం. తప్పులు దొర్లేది అక్కడే. మా హెడ్ క్లర్కు తనిఖీకి కూర్చుంటే ముందు ఆ పేజీలే తిప్పేవాడు. నేనూ ఈ ఫైల్లో అవే వెతికాను. ముందుండే ముఖ్యమైన అంకెల షీటు ఒక్కటే చూస్తే అన్నీ ఒకే చేతిరాతలా కనిపిస్తాయి. వెనక షీట్లు తిరగేస్తే ఎత్తిరాసిన చోట్లన్నీ బయటపడతాయి. జాతీయాదాయం 1270 నుంచి 1700 దాకా ఒక్క ఇంగ్లండ్‌దే. ఆ తర్వాత స్కాట్లండ్, వేల్స్ కలిపిన గ్రేట్ బ్రిటన్‌ది. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండ్ కూడా చేరుతుంది, 1922లో అందులో ఎక్కువ భాగం విడిపోతుంది. జనాభాకు 1801 నుంచి జనగణన ఉంది. దానికి వెనక 1541 దాకా చర్చిల్లో పుట్టుకలు, చావులు రాసిన రిజిస్టర్ల నుంచి లెక్కగట్టింది. ఇంకా వెనక్కి పోతే జమీందార్ల పద్దుల నుంచి వేసిన అంచనా. 1270 నాటి తలసరి ఆదాయం, 2010 నాటిది ఒకే గీత మీద పక్కపక్కన కనిపిస్తే ముచ్చటగానే ఉంటుంది. మొదటిదాన్ని మాత్రం ఏ అధికారీ ఏనాడూ కొలవలేదు. ఇప్పటివాళ్ళు ధాన్యం దిగుబడి, పశువులు, ఉన్ని లెక్కలు పోగేసి కట్టిన అంకె అది.

ఈ అతుకుల్ని దాచకపోవడమే ఈ ఫైల్లో నాకు నచ్చింది. ఏ అంకె ఎవరి పరిశోధన నుంచి తెచ్చారో కాలమ్ పైన రాసిపెట్టారు. గీత మాత్రమే కావాలనుకునేవాళ్ళకు అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలో భాగమైన సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ వారి లెక్కల వెబ్‌సైటు ఫ్రెడ్ చాలు. 1991 నుంచి నడుస్తోంది, ఈ ఫైల్లోని వరుసలు కొన్ని అక్కడా ఉన్నాయి, ఫోన్‌లోనైనా క్షణాల్లో గ్రాఫ్ వస్తుంది. కానీ గీత నున్నగా వస్తుంది, అతుకు కోసం కింది నోట్సు చదవాలి. ఎంతమంది చదువుతారు?

డబ్బులోనూ ఒక అతుకుంది, అందులో నేనే పడ్డాను. 1971 ఫిబ్రవరి 15 దాకా పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే 240. ఒక పాత పుస్తకంలోని రోజుకూలీని ఫైల్లో అంకెతో పోల్చబోయి వందతో భాగించాను. మధ్యయుగపు కూలీ మరీ అంత బాగా బతికాడా అని మురిసిపోయి, అరగంట తర్వాత నాలుక కరుచుకున్నాను.

లోటు చెప్పాలంటే, ఈ వెర్షను, అంటే 3.1, 2016తో ఆగిపోతుంది. 2020లో రేటు 0.1కి పడిపోవడం, తర్వాత మళ్ళీ ఎగబాకడం ఇందులో దొరకవు. ఇదంతా మొదలైంది 2008 సంక్షోభం తర్వాత, ఈ మాంద్యం మూడు శతాబ్దాల లెక్కల్లో ఎక్కడ నిలుస్తుందని 2010లో ఆ బ్యాంకు త్రైమాసిక పత్రికలో వచ్చిన ఒక వ్యాసంతోనట. పెరిగి పెరిగి ఇంతయింది.

వడ్డీ గురించే పట్టుదల ఉన్నవాళ్ళు అదే బ్యాంకు 2020 జనవరిలో వేసిన 845వ నంబరు పరిశోధన పత్రం కూడా చూడండి. రాసింది పాల్ ష్మెల్జింగ్. 1311 నుంచి 2018 దాకా, ధరల పెరుగుదల తీసేసిన నికర వడ్డీ ఏడాదికి 0.6 నుంచి 1.6 బేసిస్ పాయింట్ల చొప్పున తగ్గుతూ వచ్చిందంటాడు. బేసిస్ పాయింటంటే శాతంలో నూరో వంతు. ఆ లెక్కన అరవై ఏళ్ళు గడిచినా ఒక శాతం తగ్గడం గగనం. నా డిపాజిట్ల మీద కోపం ఏడు వందల ఏళ్ళ పాతదన్నమాట! అది రాసినాయన అభిప్రాయమే కానీ బ్యాంకు మాట కాదు, అదీ గుర్తుంచుకోవాలి.

నాలుగున్నర స్టార్లు. ఫోన్‌లో తెరవకండి. ఎక్సెల్‌కు 1900కు ముందు తారీఖులు తెలియవు కాబట్టి, సంవత్సరాన్ని మామూలు అంకెగానే ఉంచండి. అన్నిటికన్నా ముందు ఒక కాపీ తీసి పెట్టుకోండి. నేను ధరల కాలమ్ ఒక్కటే పెద్దది నుంచి చిన్నదికి సార్ట్ చేశాను, పక్కన సంవత్సరాలను కలుపుకోకుండా. ప్లేగు మహమ్మారి నాటి 1348 పక్కకు ఎప్పటిదో అంకె వచ్చి కూర్చుంది, 1975 ఎవరికో తన వాటా ఇచ్చేసింది. చూసుకునేలోపే సేవ్ కొట్టేశాను.