శ్రీవల్లి ఆట చూడ్డానికి విశాఖ నుంచి: ఏ ఊరు ఎంతవరకు గిట్టుబాటు

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలో ఎవరెవరు ఆడతారన్న జాబితా మాత్రం ఆ వారం సోమవారానికి 18 రోజుల ముందు గానీ బయటికి రాదు. టెన్నిస్ ప్లేయర్ భమిడిపాటి శ్రీవల్లి రష్మిక ఆట కోసం విశాఖ నుంచి ఊళ్లు తిరిగేవాళ్ల తిప్పలన్నీ ఈ రెండు తేదీల మధ్యే పుడతాయి. పేరు జాబితాలో కనిపించాక టికెట్ కొందామంటే మంచి రైళ్లన్నీ అప్పటికే వెయిటింగ్ లిస్టు. ముందే కొనేస్తే ఆమె ఆ వారం ఏ థాయిలాండ్‌లోనో ఆడుతూ ఉండొచ్చు. అందుకే ఊరిని ఎంచుకునేటప్పుడు స్టేడియం ఎంత బాగుందన్నది తర్వాత సంగతి. ఆమె మొదటి రౌండ్‌లోనే ఓడిపోతే మనకెంత చమురు వదులుతుందన్నది ముందు చూసుకోవాలి.

జాబితా చదవడం దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. ఐటీఎఫ్ మహిళల టోర్నీలకు ఎంట్రీల గడువు గురువారం మన టైం రాత్రి ఏడున్నర. ఆ తర్వాత మెయిన్ డ్రా (అసలు పోటీ), క్వాలిఫయింగ్ (దానికి అర్హత పోటీ), ఆల్టర్నేట్లు (ఎవరైనా తప్పుకుంటే లోపలికి వచ్చేవాళ్లు) అని మూడు భాగాలుగా పేర్లు వస్తాయి. ఒకే వారంలో ఒకటికి మించి టోర్నీలకు పేరిచ్చి, ఏది ముందో వరస చెప్పుకునే వీలు ప్లేయర్లకు ఉంది. కాబట్టి గురువారం పేరు కనపడగానే గంతులేయకండి. విత్‌డ్రా గడువు తర్వాతి మంగళవారం, అంటే టోర్నీకి 13 రోజుల ముందు. అది దాటాక కూడా పేరు ఉంటే అప్పుడు లాడ్జికి ఫోన్ చేయండి. ఆల్టర్నేట్లలో మూడో నాలుగో స్థానంలో ఉన్నా బెంగపడక్కర్లేదు. పైవాళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటూ ఉంటారు, ఆ మాత్రం దూరం ఇట్టే జరిగిపోతుంది. పెద్ద టోర్నీల్లో మన అమ్మాయిలకు వైల్డ్ కార్డ్ (ర్యాంకుతో పనిలేకుండా నిర్వాహకులిచ్చే చోటు) దొరికే అవకాశం ఎక్కువ. అది చివరి వారంలో గానీ చెప్పరు, కానీ సొంతగడ్డ మీద జరిగే డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) టోర్నీకి ముందే టికెట్ తీయడంలో పెద్ద రిస్క్ లేదు.

టికెట్ల సంగతికొస్తే, 60 రోజుల ముందే థర్డ్ ఏసీలో కన్ఫర్మ్ బెర్తులు తీసిపెట్టుకోవడం, మంగళవారం జాబితా చూసి ఉంచడమో రద్దు చేయడమో తేల్చుకోవడం మేలు. ప్రయాణానికి బాగా ముందే రద్దు చేస్తే పోయేది కొద్దిపాటి రుసుమే. రోజు దగ్గరపడేకొద్దీ అది టికెట్ ధరలో శాతంగా మారి గట్టిగా కోస్తుంది. తత్కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ప్రయాణానికి ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి తెరుచుకుని నిమిషాల్లో అయిపోతుంది. ఒకవేళ దొరికినా, కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేసుకుంటే పైసా తిరిగిరాదు. తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు తీయండి. ఒకటి గురువారానికి, ఒకటి ఫైనల్ మర్నాటికి. ఆమె ఎక్కడిదాకా వెళ్తుందో చూసి రెండిట్లో ఒకటి వదిలేయొచ్చు.

వెతికేటప్పుడు దువ్వాడ పేరుతో కూడా ఒకసారి చూడండి. విశాఖ స్టేషన్‌కు వచ్చిన రైలు ఇంజిన్ అటు మార్చుకుని వెనక్కి తిరగాలి. ఆ ఆలస్యం తప్పించడానికి కొన్ని దూరప్రాంత రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి అటునుంచే సాగిపోతాయి. గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లకు అదే మేలు. మధురవాడ వైపువాళ్లు తెల్లవారుజాము రైలుకు దువ్వాడ ఎంచుకుంటే ఆ ఆటో ఖర్చుతో లాడ్జిలో ఒక పూట గడిచిపోతుంది.

చెన్నై

విశాఖ నుంచి అందుబాటులో ఉన్నది ఇదే. కోరమాండల్ తెల్లవారుజామున ఎక్కితే సాయంత్రానికి సెంట్రల్. హౌరా–చెన్నై మెయిల్ మధ్యాహ్నం ఎక్కితే తెల్లారకముందే దింపేస్తుంది. ఆట నుంగంబాక్కంలోని ఎస్‌డీఏటీ స్టేడియంలో, వళ్లువర్ కోట్టం పక్కన. 1997 నుంచి 2017 దాకా మగవాళ్ల చెన్నై ఓపెన్ ఇక్కడే జరిగింది. మహిళల డబ్ల్యూటీఏ 250 (గెలిస్తే 250 ర్యాంకింగ్ పాయింట్లు) టోర్నీ 2022లో, మళ్లీ 2025లో జరిగింది. మొదటిది లిండా ఫ్రుహ్‌విర్తోవా, రెండోది ఇండోనేషియా అమ్మాయి జానిస్ జెన్ గెలిచారు.

సెంట్రల్ ముందు ఆటోవాళ్లతో బేరం పెట్టుకోకుండా రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌కు వెళ్లండి. తాంబరం వైపు లోకల్ ఎక్కితే ఎగ్మూర్, చెట్‌పెట్, ఆ తర్వాత నుంగంబాక్కం. స్టేషన్ నుంచి స్టేడియానికి నడవగలిగిన దూరమే, ఎండ ఎక్కువుంటే అప్పుడు ఆటో. విమానంలో వచ్చేవాళ్లకు ఇంకా సుఖం. ఎయిర్‌పోర్ట్ ఎదురుగానే తిరుశూలం స్టేషన్, అక్కణ్నుంచి అదే లైన్లో నేరుగా నుంగంబాక్కం.

బసకు నుంగంబాక్కం హోటళ్లు కంపెనీల ఖాతాల్లో దిగేవాళ్ల కోసం కట్టినవి, మన జేబుకు బరువు. ఎగ్మూర్‌లో కెన్నెట్ లేన్ చుట్టుపక్కల లాడ్జిలు చూడండి. స్టేడియానికి లోకల్లో రెండే స్టేషన్లు. గది తీసేముందు అడగాల్సింది ఒకటుంది: చెక్‌ఔట్ 24 గంటల లెక్కనా, మధ్యాహ్నం పన్నెండు లెక్కనా? మెయిల్ దిగి నాలుగైదింటికి గదిలో చేరితే, పన్నెండు లెక్క పెట్టే చోట ఏడెనిమిది గంటలకే ఒక రోజు అద్దె కట్టాలి. ఆన్‌లైన్ బుకింగ్ యాప్‌లో "24 గంటలు" అని ఉండి, కౌంటర్ దగ్గర కాదనడం మామూలే. ఫోన్ చేసి మేనేజర్ నోటితో చెప్పించుకోండి. భాషకు ఇబ్బంది లేదు, భోజనానికి అసలే లేదు. టి.నగర్ ఆంధ్రా మెస్‌లో గోంగూర, పప్పు, కందిపొడి అన్నీ దొరుకుతాయి. కాకపోతే మధ్యాహ్నం అక్కడ కడుపునిండా తిని గ్యాలరీలో కూర్చుంటే రెండో సెట్‌కల్లా కళ్లు మూతలు పడతాయి.

కూర్చునే చోటు గురించి. టెన్నిస్ కోర్టును ఉత్తర దక్షిణాలుగా వేస్తారు, సర్వ్ చేసేవాళ్ల కళ్లలో పొద్దు పడకూడదని. అందుచేత మధ్యాహ్నం తర్వాత పడమటి గ్యాలరీ వాళ్లకు ఎండ వీపు వెనక, తూర్పు గ్యాలరీ వాళ్లకు మొహాన. టికెట్ తీసేటప్పుడు మ్యాప్‌లో ఉత్తరం గుర్తు ఎటుందో చూసుకోండి.

చెన్నైకి ఉన్న పెద్ద లోపం వాన. 2025 టోర్నీ అక్టోబర్ 27న మొదలైంది, ఈశాన్య రుతుపవనాలు దంచే రోజులు. మొదటి రోజుల ఆట వానకు దెబ్బతింది. అదే వారం మొంథా తుపాను 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. వాల్తేరు డివిజన్లో రైళ్లు రద్దు, విశాఖ నుంచి విమానాలూ రద్దు. అంటే ఒకే తుపాను ఇటు రైలునీ అటు ఆటనీ ఆపేసింది. ఆ నెలలో వెళ్లేవాళ్లు ఆదివారానికే చెన్నైలో ఉండేలా చూసుకోవాలి. వాన వల్ల వాయిదా పడ్డ మ్యాచ్‌లు మర్నాడు ఒకేసారి బయట కోర్టులకు మారతాయి. సెంటర్ కోర్టు సీటు టికెట్‌తో బయట కోర్టుల్లోకి రానిస్తారా, ఆట రద్దయితే డబ్బు తిరిగొస్తుందా అన్నది షరతుల్లో ముందే చదవాలి. గొడుగు గేటు దగ్గర ఆపేసే అవకాశం ఎక్కువ, రెయిన్‌కోటు నయం.

బెంగళూరు

ఆట చూడ్డానికి మా ఓటు దీనికే. కబ్బన్ పార్కులోని కేఎస్‌ఎల్‌టీఏ (కర్ణాటక టెన్నిస్ సంఘం) ప్రాంగణంలో బయట కోర్టుల కంచె పక్కన నిలబడితే బంతి రాకెట్‌కు తగిలిన చప్పుడు బట్టే మధ్యలో తగిలిందో అంచుకు తగిలిందో చెప్పొచ్చు. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలి పలచన కాబట్టి బంతికి అడ్డు తక్కువ, వేగం ఎక్కువ. 1,219 మీటర్లు దాటితే గానీ ఎత్తైన ప్రాంతాల బంతులు వాడరు, ఇక్కడ మామూలు బంతులే. దాంతో గట్టిగా సర్వ్ చేసేవాళ్లకు పండగ, టాప్‌స్పిన్‌తో పొడుగు ర్యాలీలు ఆడేవాళ్లకు బంతి బేస్‌లైన్ దాటిపోతుందన్న భయం. వచ్చిన రోజునే రాకెట్ తీగలు కాస్త బిగువుగా వేయించుకునేవాళ్లు కనిపిస్తారు. సర్వ్ పెద్ద ఆయుధమైన శ్రీవల్లి లాంటి వాళ్ల ఆట చెన్నై ఉక్కపోతలో కంటే ఇక్కడ బాగా పలుకుతుంది. మరీ దగ్గరగా చూడదలుచుకుంటే కొత్త బంతులు తెచ్చే గేమ్‌ను గుర్తుపెట్టుకోండి. పెద్ద టోర్నీల్లో వార్మప్‌ను కూడా లెక్కేసి మొదట ఏడు గేమ్‌లకు, తర్వాత ప్రతి తొమ్మిదింటికి మారుస్తారు. కొత్త బంతికి నూగు లేచి ఉండదు, జారుతూ వెళ్తుంది. ఆ గేమ్ సర్వ్ ఎవరి చేతిలో ఉందో ముందే లెక్కేసుకుని కూర్చోండి.

రైళ్ల దగ్గర రెండు దారులు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ గుంటూరు, నంద్యాల, ధర్మవరం మీదుగా చుట్టు తిరిగి దాదాపు ఒక రోజంతా తీసుకుంటుంది. కానీ నేరుగా మెజెస్టిక్ పక్కన కేఎస్‌ఆర్ స్టేషన్లో దింపుతుంది. అక్కణ్నుంచి మెట్రో పర్పుల్ లైన్లో కబ్బన్ పార్క్ మూడో స్టేషన్. హౌరా నుంచి వచ్చే రైలు త్వరగానే చేరుస్తుంది గానీ, దింపేది బైయప్పనహళ్లి దగ్గర ఎస్‌ఎంవీటీ టెర్మినల్లో. అక్కడ మెట్రో స్టేషన్ ప్లాట్‌ఫాంకు ఆనుకుని లేదు. సామాన్లతో ఆటో ఎక్కాల్సిందే, ఆ తర్వాత పర్పుల్ లైన్లో ఆరు స్టేషన్లు. విమానంలో వస్తే ఆ ఎయిర్‌పోర్ట్ ఊరికి 35 కిలోమీటర్లు. విమానంలో మిగిలిన టైం రోడ్డు మీద పోతుంది. బసకు మెజెస్టిక్ చౌక, రాత్రి పూట గోల ఎక్కువ. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఎంజీ రోడ్, శివాజీనగర్ వైపు గది పంచుకోవడం సుఖం. ఆదివారాలు పార్కులోకి వాహనాలు రానివ్వరు. ఫైనల్ రోజు ఆటోవాడు గేటు దగ్గరే దింపుతాడు, నడకకు సిద్ధపడండి.

2025 నవంబర్ 14–16 తేదీల్లో బిల్లీ జీన్ కింగ్ కప్ (మహిళల దేశ జట్ల టోర్నీ) ప్లేఆఫ్స్ ఇక్కడే జరిగాయి, స్లొవేనియా, నెదర్లాండ్స్‌తో. దూరం నుంచి వెళ్లే అభిమానికి ఇలాంటి జట్టు పోటీలంత భరోసా ఇంకెక్కడా లేదు. జట్టును ముందే ప్రకటిస్తారు, తేదీలు కదలవు, ఒకరోజు ఓడినా మర్నాడో ఆ మర్నాడో ఇంకో పోటీ ఉంటుంది. ఒక్కో పోటీలో రెండు సింగిల్స్, ఒక డబుల్స్. జట్టులో రెండో ర్యాంకు వాళ్లు ముందు ఆడతారు. కాబట్టి శ్రీవల్లి రెండో నంబర్‌గా ఉంటే మొదటి మ్యాచ్‌కే సీట్లో ఉండాలి. టిఫిన్ చేసి తాపీగా వద్దామనుకున్న వాళ్లకు మిగిలేది సహజ యమలపల్లి మ్యాచ్. అది కూడా మన తెలుగమ్మాయి ఆటే, నష్టమేమీ లేదు గానీ.

పుణె, ముంబై

ఆ ప్లేఆఫ్స్‌కు దారి పడింది పుణెలోని మ్హాళుంగె–బాలేవాడి క్రీడా ప్రాంగణంలో. 2025 ఏప్రిల్ 8 నుంచి 12 దాకా అక్కడ శ్రీవల్లి ఆడిన ఐదు సింగిల్స్ ఐదూ గెలిచింది. ఇండియా న్యూజిలాండ్ చేతిలో తప్ప మిగతా నాలుగు పోటీలూ నెగ్గింది. స్టేడియం బాగుంటుంది, చేరడమే కష్టం. విశాఖ నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే పుణె చేరేది మర్నాటి రాత్రికి. స్టేషన్ నుంచి బాలేవాడి ఊరికి ఆ చివర. స్టేషన్ దగ్గర గది తీస్తే రోజూ ట్రాఫిక్‌లో చస్తారు. బానేర్‌లోనో బాలేవాడిలోనో తీయండి, అద్దె కాస్త ఎక్కువైనా సరే. ఏప్రిల్ ఎండకు టోపీ, నీళ్లలో కలుపుకునే ఓఆర్‌ఎస్ పొట్లాలు తప్పనిసరి.

ముంబైలో డబ్ల్యూటీఏ 125 టోర్నీ చర్చ్‌గేట్ దగ్గర సీసీఐ (క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా)లో. ఫిబ్రవరి కాబట్టి వాతావరణం హాయి. కోణార్క్ సీఎస్‌ఎంటీకే వెళ్తుంది, అక్కణ్నుంచి నడవొచ్చు. విశాఖ–ఎల్‌టీటీ (లోకమాన్య తిలక్ టెర్మినస్) ఎక్స్‌ప్రెస్‌లో వస్తే దాని పక్కనున్న తిలక్‌నగర్ నుంచి హార్బర్ లైన్. గదుల రేట్లు మాత్రం దక్షిణ ముంబైలో గుండె గుభేల్‌మనిపిస్తాయి. ఇక్కడ క్వాలిఫయింగ్ నుంచే ఉండాలి. 2025లో కోయంబత్తూరు అమ్మాయి మాయా రాజేశ్వరన్ 15 ఏళ్లకే క్వాలిఫయింగ్ నుంచి సెమీస్ దాకా వచ్చింది. మెయిన్ డ్రాకు వద్దామనుకున్నవాళ్లు సగం కథ అయ్యాక వచ్చినట్టే.

ఎందుకు వెళ్తున్నామో కూడా తేల్చుకుని టికెట్ తీయాలి. డబ్ల్యూటీఏ 250లో మొదటి రౌండ్ ఓడితే దక్కేది 1 పాయింట్. ఐటీఎఫ్ డబ్ల్యూ35 గెలిస్తే 35, డబ్ల్యూ50 గెలిస్తే 50. ర్యాంకు పెరిగేది ఎక్కువగా ఈ చిన్న టోర్నీల్లోనే, జనం లేని కోర్టుల్లోనే. పెద్ద ప్రత్యర్థితో ఢీ చూడాలంటే చెన్నై. ఆమె వరసగా గెలవడం చూడాలంటే మన దేశంలో జరిగే ఐటీఎఫ్ వారాలు, అక్కడ సీటు కోసం కొట్లాట ఉండదు. వాటిలో ఆదివారం, సోమవారం క్వాలిఫయింగ్, మంగళవారం నుంచి మెయిన్ డ్రా. సోమవారం రాత్రికి చేరితే సరిపోతుంది. ఏ కోర్టులో ఎన్నో మ్యాచ్ అన్నది ముందురోజు సాయంత్రం వస్తుంది. "ఫాలోడ్ బై" అని ఉంటే ముందు మ్యాచ్ ఎప్పుడు ముగిస్తే అప్పుడు, "నాట్ బిఫోర్" అని ఉంటే ఆ టైంకు ముందు మొదలవదు. మూడు సెట్లలో రెండు గెలవాల్సిన మ్యాచ్ గంటంపావులో అయిపోవచ్చు, రెండున్నర గంటలూ పట్టొచ్చు. సింగిల్స్‌లో ఓడినా డబుల్స్‌లో పేరుందేమో చూశాకే తిరుగు టికెట్ ముట్టుకోండి.

గ్యాలరీలో లేచి తిరగడం వైపులు మారే 90 సెకన్లలోనే. సెట్‌లో మొదటి గేమ్ తర్వాత వైపు మారతారు గానీ కూర్చోరు, అప్పుడు లేస్తే అంపైర్ మన వైపే చూస్తాడు. రెండో సర్వ్‌కు ముందు ఈలలు వద్దు, అవతలమ్మాయి డబుల్ ఫాల్ట్‌కు చప్పట్లు అసలొద్దు. ఇంటి దగ్గర వాట్సాప్ గ్రూపుకు పాయింట్ పాయింట్‌కు స్కోరు పంపే అలవాటుంటే అది గేటు బయటే వదిలేయండి. పందేల ముఠాలు లైవ్ స్కోరు కంటే ముందుగా సమాచారం చేరవేయడానికి మనుషుల్ని గ్యాలరీల్లో కూర్చోబెడతాయి. అందుకే ఫోన్ మీద వేలు ఆడిస్తూ కూర్చున్నవాళ్ల మీద భద్రతా సిబ్బంది కన్ను ఉంటుంది, అనుమానం వస్తే బయటికి పంపేస్తారు. గేమ్ అయ్యాక ఒక మెసేజ్ చాలు. రాలేనివాళ్లు చాలా ఐటీఎఫ్ మ్యాచ్‌లను ఐటీఎఫ్ సైట్లో ఉచితంగానే చూసుకోవచ్చు.