న్యూట్రల్ రాలేదంటే తప్పు మీదే అనే థెరపిస్టుతో జాగ్రత్త

ఇంటికొచ్చి గంటయింది, ఇంకా చేతులు వణుకుతున్నాయి, అందుకే కోపం చల్లారక ముందే రాసేస్తున్నా. మెడ నొప్పి, నిద్ర పట్టదు, పైగా టెన్షన్. ఎవరో చెప్తే క్రేనియోసేక్రల్ థెరపీకి (తల, వెన్ను మీద తేలిగ్గా చేతులు ఆనించి చేసే చికిత్స) వెళ్లి, 10 సెషన్లకి డబ్బంతా ముందే కట్టేశాను. అంత తొందర నాకెందుకో, నన్ను నేనే తిట్టుకుంటున్నా.

మొదటిరోజు థెరపిస్టావిడ న్యూట్రల్ గురించి ఎంత బాగా చెప్పిందో! బట్టలతోనే బల్ల మీద పడుకుంటాం, తల కింద చేతులు ఊరికే ఆనిస్తారు, ఈ థెరపీని మొదలుపెట్టిన అప్లెడ్జర్ చెప్పినట్టు 5 గ్రాముల బరువంత, అంతే. నొక్కడం, లాగడం ఉండవు. ఊపిరి నిదానించి ఒళ్లు దానంతటదే కుదురుకునే దాకా ఆగాలి, అదే న్యూట్రల్. తల, వెన్నులో ఉంటుందని వాళ్లు చెప్పే లయ కాసేపు ఆగిపోయే స్టిల్ పాయింట్ వేరు, ఇది వేరు. థెరపిస్టు కూడా దేనికీ తొందరపడకుండా, మనసంతా అక్కడే పెట్టి కూర్చోవాలట. ఆ మాటకే నమ్మేశాను.

ఈరోజు నాలుగో సెషన్. కళ్లు మూసుకుని ఉన్నా. తల కింద నుంచి ఆవిడ కుడిచెయ్యి మెల్లగా జారిపోయింది, పద్ధతి అదేనేమో అనుకున్నా. కాసేపటికి చెవి పక్కన టక్ టక్‌మని చిన్న చప్పుడు. కళ్లు తెరిస్తే నా తల ఆవిడ ఒక అరచేతిలో ఉంది, రెండో చేతిలో ఫోను, బొటనవేలితో మెసేజ్ కొడుతోంది! ఇదేంటండీ అని అడిగితే, మొహం కూడా ఎత్తకుండా, "మీరే న్యూట్రల్‌లోకి రావట్లేదు, మీ శరీరం ఎదురు తిరుగుతోంది, ఇంకో 10 సెషన్లు పడతాయి" అంది. నమ్మి తల చేతిలో పెట్టిన మనిషితో అనే మాటేనా అది? లేచి కూర్చున్నాక కన్నీళ్లు ఆగలేదు. మిగతా డబ్బు అడిగితే, నమ్మకం లేనివాళ్లకి ఏదీ పనిచేయదని చెప్పి తలుపు తీసింది.

వచ్చాక చదివాను. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒకే మనిషి లయని వేర్వేరు థెరపిస్టులు లెక్కపెడితే ఆ లెక్కలు ఒకదానితో ఒకటి కుదరలేదు. అలాంటిది, నా ఒళ్లు ఎదురు తిరుగుతోందని అంత గట్టిగా ఎలా చెప్పేస్తారు?

వెళ్లాలనుకుంటే ఏ సెషన్‌కి ఆ సెషన్ డబ్బే ఇవ్వండి, ఫోను బయట పెట్టమని ముందే చెప్పండి. మెడ నొప్పితో పాటు చెయ్యి తిమ్మిరెక్కుతుంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి. మిగిలిన ఆరు సెషన్ల డబ్బు వెనక్కి ఇమ్మని ఇప్పుడే రాసి పంపాను.