రాయగడ వైపు నుంచి చూస్తే: మిల్లుకు లక్ష్యం, పురపాలికకు పెట్టుబడి

ఇంధనాన్నీ కరెంటునూ పొదుపు చేయించడానికి కేంద్రం పట్టిన దారుల్లో రెండింటిని ఒడిశాలోని మా రాయగడ నుంచి చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటిది 2012లో మొదలైన ‘పాట్’ (పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) పథకం. సిమెంటు, ఉక్కు, కాగితం వంటి పరిశ్రమల్లో టన్ను సరుకుకు ఎంత ఇంధనం వాడవచ్చో లక్ష్యం పెట్టారు. మించి పొదుపు చేస్తే సర్టిఫికెట్లు దక్కేవి. లక్ష్యం అందుకోలేనివారు వాటిని కొనుక్కోవలసి వచ్చేది. ఇంజినీర్లూ పెట్టుబడీ ఉన్న కాగితం మిల్లుకు ఇది సరైన ఒత్తిడే.

రెండోది 2015 జనవరిలో వచ్చిన ఎల్ఈడీ వీధిదీపాల పథకం. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ ముందుగా డబ్బు పెట్టి దీపాలు బిగిస్తుంది. పురపాలక సంఘం బిల్లులో మిగిలిన దానితో వాయిదాలు కడుతుంది. సొంత ఆదాయం తక్కువగా ఉండే చిన్న పట్టణాలకు నేను దీన్నే కోరుకుంటాను. అయితే పాత దీపాల కరెంటు లెక్క నిజాయతీగా తీయాలి. ఎప్పుడో ఆరిపోయిన దీపం కరెంటు వాడదు. అక్కడ కొత్తది పెడితే వెలుగుతోపాటు బిల్లూ పెరుగుతుంది. వెలుగు కావలసిందే, కానీ దాన్ని పొదుపు ఖాతాలో రాయకూడదు. ఒప్పందానికి ముందే వీధివీధినా వెలిగే దీపాలను లెక్కపెట్టించి, ఆ పట్టికను ఒడియాలోనూ తెలుగులోనూ వార్డు ప్రజలకు చూపాలి.