అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ కొంటున్నారా? ముందు కాయిల్ కొలవండి

పాత పెట్రోల్ అంబాసిడర్ (1489 సీసీ ఇంజన్) ఉన్నవాళ్లకి హెచ్చరిక. "పాయింట్లు పీకేయండి, ఇక వాటి జోలికి వెళ్లక్కర్లేదు" అంటూ అమ్మే చవక కిట్లు జాగ్రత్త. పాయింట్లంటే ప్లగ్‌లకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటుని కట్ చేసే చిన్న స్విచ్. కిట్‌లోని మాడ్యూల్ అదే పని ఎలక్ట్రానిక్స్‌తో చేస్తుంది. ఏ కాయిల్‌కి (బ్యాటరీ కరెంటుని స్పార్క్‌కి సరిపడా వోల్టేజ్‌కి పెంచేది) సరిపోతుందో పెట్టె మీద ఉండదు. మాడ్యూల్ కాలిపోయాక మాత్రం "మీ కాయిల్ తప్పు" అని వాపసు తీసుకోరు. కారణం కాయిలే కావచ్చు, కానీ ఆ ముక్క డబ్బు తీసుకునే ముందు చెప్పాలి.

కాయిల్ వైర్లు విప్పి, ప్లస్ మైనస్ టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 3 ఓమ్‌ల దగ్గర చూపిస్తే మామూలు కాయిల్. 1.5 దగ్గర చూపిస్తే బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించే ముక్క) వాడాల్సిన కాయిల్. రెసిస్టర్ లేకుండా దాన్ని 12 వోల్ట్‌లకి కలిపితే 4 ఆంపియర్లు పోవాల్సిన చోట 8 పోతాయి. ఇంజన్ ఆపి, పాటల కోసం తాళం ఆన్‌లో వదిలేశారనుకోండి, కరెంటు తనంతట తాను కట్ చేసుకునే ఏర్పాటు లేని మాడ్యూల్ ఆ వేడికే మాడిపోతుంది. ఈ ఏర్పాటు ఉందో లేదో షాపువాడిని అడగండి. చెప్పలేకపోతే కొనకండి.

బ్యాలస్ట్ ఉన్న బండిలో మాడ్యూల్ ఎర్ర వైరు రెసిస్టర్‌కి ముందు, ఇగ్నిషన్ స్విచ్ వైపు నుంచి తీసుకోవాలి. తర్వాత కలిపితే సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ పడిపోయి మాడ్యూల్ పనిచేయకపోవచ్చు, బండి స్టార్ట్ కాకపోవచ్చు. ప్లస్ మైనస్ తారుమారైతే మాడ్యూల్ క్షణంలో పోతుంది. రాగి తీగ ప్లగ్ వైర్లు ఉంటే సప్రెషన్ వైర్లు (స్పార్క్ వల్ల వచ్చే విద్యుత్ అలజడిని అణచేవి) వేయండి.

బండి సతాయిస్తుంటే, అసలు పాయింట్లదే తప్పా అన్నది ముందు తేల్చుకోండి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. పాయింట్ల మధ్య పెద్దగా, తెల్లగా నిప్పురవ్వలు లేస్తుంటే, వాటిని అణచే కండెన్సర్ పోయినట్టే. పాయింట్లు బిగించి ఉండే బేస్ ప్లేట్‌ని కలిపే సన్నటి ఎర్త్ వైరు తొడుగు లోపల తెగి ఉండొచ్చు, పైకి కనపడదు, లాగి చూడండి. నాసిరకం పాయింట్ల హీల్ (తిరిగే క్యామ్‌కి ఆని పాయింట్లని తెరిచే కొస) త్వరగా అరిగి గ్యాప్ తగ్గుతుంది. దాంతో టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి పోయి లాగుడు పడిపోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. క్యామ్ మీద చిటికెడు గ్రీజు రాసి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టండి.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కింద తిరిగే రోటర్ పట్టుకుని పక్కలకి ఊపండి. స్పిండిల్ (దాని ఇరుసు) కదిలి గ్యాప్ మారుతుంటే, ఇరుసుని పట్టుకునే బుష్ అరిగింది. ఆ జబ్బుకి కిట్ మందు కాదు. ముందు బుష్ మార్పించండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, పెట్టె మీద కాయిల్ ఓమ్‌లు రాసిన మంచి కిట్ దొరికితే నిశ్చింతగా వేసుకోండి, టైమింగ్ నిలకడగా ఉంటుంది. వేశాక టైమింగ్ లైట్‌తో మళ్లీ సెట్ చేయాల్సిందే, స్పార్క్ పడే చోటు మారుతుంది. పాయింట్లకి పట్టు తప్పేముందు మిస్సింగ్ వస్తుంది, మాడ్యూల్‌కి ఆ సూచన ఉండదు, నడిరోడ్డు మీద ఒక్కసారిగా ఆగుతుంది. అందుకే తీసిన పాయింట్లు, కండెన్సర్, స్క్రూలు, ఫీలర్ గేజ్ ఒక డబ్బాలో వేసి బండిలోనే ఉంచండి.