2018 సినిమాలు: చెవి పెట్టి చూడాల్సిన ఏడాది

మన సినిమా హీరో చాలాకాలం ఏ ఊరివాడో తెలియని తెలుగు మాట్లాడాడు. యాస వినపడిందంటే అది కమెడియన్‌ది కావాలి, లేదా విలన్‌ది. గోదావరి యాసకు మరీ అన్యాయం జరిగింది. తెర మీద ‘ఆయ్’ అంటే నవ్వించడానికే. 2018లో వచ్చిన మంచి సినిమాల్లో సగం ఈ లెక్క తప్పించాయి. అందుకే అభిమాన సినిమాలకు ఒకే ఏడాదిని ఎంచుకోమంటే మా ఓటు దానికే.

మొదటి స్థానం ‘రంగస్థలం’ది. మార్చి 30న వచ్చింది. రాజోలు దగ్గర మట్టపర్రులో పుట్టిన దర్శకుడు సుకుమార్‌కు ఈ యాస ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో తెలుసు. హీరో చిట్టిబాబు ‘సిట్టిబాబు’ అవుతాడు, మాట చివర ‘అండి’ వదలడు. ఆ ‘అండి’లో మర్యాద ఎప్పుడుందో, ఎకసెక్కెం ఎప్పుడుందో డెల్టావాళ్లకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ‘ఎంత సక్కగున్నావే’ పాటలో చంద్రబోస్ ‘చక్క’ను ‘సక్క’ చేయడం అలంకారానికి కాదు, పాట ఆ మనిషి నోట్లోంచే రావాలి కాబట్టి. హీరోకి చెవుడు. పొలాలకు ఇంజను పెట్టి నీళ్లు తోడతాడు, ఊళ్లో సౌండింజనీరంటారు. కథ తిరిగే మలుపు కూడా ఒక మాట వినపడకపోవడం మీదే ఉంది. అలాంటి సినిమాకు సౌండ్ మిక్సింగ్‌లో జాతీయ అవార్డు రావడం న్యాయం.

లోపాలున్నాయి. నిడివి దాదాపు మూడు గంటలు. రెండో సగంలో హీరోయిన్ రామలక్ష్మి కథ పక్కకు పోతుంది. చివరి అరగంటలో కొంత తగ్గించినా నష్టం లేదు.

ఇంట్లో చూసేవాళ్లకు ఇంకో చిక్కు. జగపతిబాబు ప్రెసిడెంటు గొంతు ఎత్తడు. ఆయన మాట అందడానికి వాల్యూమ్ పెంచితే తర్వాతి పాట ఇల్లు అదరగొడుతుంది. తప్పు ప్రింటుది కాదు. 5.1 ఆడియోలో (ఐదు స్పీకర్లు, ఒక బేస్ స్పీకరు కోసం విడగొట్టిన శబ్దం) మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకు పెడతారు. టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లయితే అన్నీ వాటిలోకే కుదించాలి, అప్పుడు మాట అడుగున పడుతుంది. యాప్‌లో స్టీరియో ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి. టీవీలో సరౌండ్ తీసేసి, మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ ఉంటే పెట్టండి. పిక్చర్ ‘వివిడ్’లో ఉంటే ‘సినిమా’కు మార్చండి. లేకపోతే రాత్రి సీన్లలో రంగులు అతిగా ముదిరి, మొహాలు సహజంగా కనపడవు. ‘మోషన్’ పేరుతో ఉన్నది ఆపేయండి. అది 24 ఫ్రేముల సినిమాలో లేని ఫ్రేములు కల్పించి టీవీ సీరియల్‌లా నున్నగా చేస్తుంది. ఇక ఫ్యాను 5 మీద తిరుగుతున్నా, వాన రేకుల మీద పడుతున్నా గుసగుసలు పోతాయి. అలాంటి రాత్రి హెడ్‌ఫోన్సే దిక్కు.

సావిత్రి జీవితకథ ‘మహానటి’ మే 9న వచ్చింది. కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. ఎడమ కంట్లోంచి రెండు కన్నీటి చుక్కలే కావాలన్న సీన్ గురించి అందరూ చెప్తారు, చెప్పాల్సిందే. కానీ గొంతులు కూడా వినండి. దుల్కర్ సల్మాన్ తన డబ్బింగ్ తనే చెప్పుకున్నాడు. పలుకులో మిగిలిన పరాయితనం తమిళుడైన జెమినీ గణేశన్‌కు అతికినట్టు సరిపోయింది. డబ్బింగ్ ఆర్టిస్టును పెట్టుంటే ఇది పోయేది. విలేఖరిగా చేసిన సమంతదీ సొంత గొంతే. నత్తి ఉన్న ఆ విలేఖరి చేత సావిత్రి కథ చెప్పించడం దర్శకుడు నాగ్ అశ్విన్ చేసిన మంచి పని. ఆ విలేఖరి ప్రేమకథ మాత్రం సావిత్రికి అడ్డం వచ్చినప్పుడల్లా విసుగే.

‘కేరాఫ్ కంచరపాలెం’ సెప్టెంబర్ 7న వచ్చింది. విశాఖలోని ఆ పేటవాళ్లనే తీసుకుని వెంకటేష్ మహా తీశాడు. ఉత్తరాంధ్ర పలుకు మన చెవికి పట్టడానికి ఓ పది నిమిషాలు పడుతుంది, అందుకని మొదట్లో ఫోను చూస్తూ కూర్చోకండి. నటనలో ఎగుడుదిగుళ్లున్నాయి. అయినా 49 ఏళ్ల అటెండరు రాజు పక్కన రాధ కూర్చున్న సీన్లలో ఒక్క మాట అబద్ధంగా వినపడదు. ‘ఆశా పాశం’ పాట దగ్గర ముందుకు జరపకండి, నాలుగు కథల బరువూ అది మోస్తుంది.

‘అరవింద సమేత’ భీమవరంలో పుట్టిన త్రివిక్రమ్ సీమ కథతో తీసింది. సీమ పలుకు కోసం అక్కడి రచయిత, గాయకుడు పెంచల్ దాస్ సాయం తీసుకోవడం వల్ల పెద్దవాళ్ల సంభాషణలకు నేల దొరికింది. హైదరాబాద్ సీన్లకు వచ్చేసరికి మళ్లీ త్రివిక్రమ్ తెలుగే. మొదటి ఫైటు సబ్‌వూఫర్‌కు (బేస్ స్పీకరుకు) పరీక్ష. అది గోడ మూలలో ఉంటే బేస్ బుసకొట్టి సంగీత దర్శకుడు తమన్ వాయిద్యాలన్నీ ఒకే మోతలా వినిపిస్తాయి. మూలలోంచి రెండడుగులు ఇవతలకు జరపండి.

‘ఆర్ఎక్స్ 100’ మన ఏటిగట్ల మధ్య సినిమానే, మొదటి సగం ఓపిగ్గా దాటాలి. ‘చి.ల.సౌ.’ ఎక్కువ భాగం ఒక రాత్రి ఇద్దరి మాటలు. దర్శకుడు రాహుల్ రవీంద్రన్ స్క్రీన్‌ప్లేకి జాతీయ అవార్డు వచ్చింది. భోజనాలయ్యి ఇల్లు సద్దుమణిగాక పెట్టుకోండి, మధ్యలో ఆపకుండా.