ప్రభుత్వ ప్రయోగశాలలో ‘సీటు’ అని మాకు అమ్మింది మిఠాయి దుకాణం పైగది

మొత్తం 18,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ అని 1,500, సీటు ఖాయం చేయడానికని 12,000, భద్రతా తనిఖీ రుసుమని 5,000. మూడు విడతల్లో కట్టాం. కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాలలో ఎనిమిది వారాల వేసవి పరిశోధన అన్నారు. తీరా మా అమ్మాయిని కూర్చోబెట్టింది ఒక మిఠాయి దుకాణం పైన మూడో అంతస్తులో. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇలాంటి ప్రకటనలు వాట్సాప్‌లో జోరుగా తిరుగుతాయి. మీ పిల్లలకు వచ్చి ఉంటే, డబ్బు పంపేముందు ఇది కాస్త చదవండి.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ట్రెజరీలో పనిచేస్తాను. ఇరవై రెండేళ్లుగా బిల్లులు చూడటమే నా ఉద్యోగం. తేదీ లేని వోచరును, ముద్ర లేని సంతకాన్ని ఎన్నిసార్లు వెనక్కి పంపానో లెక్కలేదు. అలాంటివాణ్ని, కేంద్ర ప్రభుత్వ సంస్థకు చెందాల్సిన రుసుమంటే నమ్మి, ఎవరో వ్యక్తి పేరున్న యూపీఐ ఖాతాకు పంపాను. ఈ ముచ్చట ఆఫీసులో ఇంతవరకు ఎవరికీ తెలియదు.

మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ చదువుతోంది. ఇంటర్ మార్కుల్లో పైనున్న ఒక శాతం మందిలో ఉండటంతో సైన్సు డిగ్రీ చదివేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వచ్చింది. అది ఏడాదికి 80,000 రూపాయలు. అయితే అందులో 60,000 మాత్రమే నేరుగా వస్తాయి. మిగతా 20,000 రావాలంటే వేసవిలో ఒక పరిశోధకుడి దగ్గర ప్రాజెక్టు చేసి, నివేదిక, ధ్రువపత్రం రెండూ సమర్పించాలి. డబ్బు సంగతి అలా ఉంచితే, అసలైన ప్రయోగశాల లోపల ఎలా ఉంటుందో చూడాలని పిల్లకు చెప్పలేనంత ఆశ. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు కూర్చుని శాస్త్రవేత్తలకు 34 ఈమెయిళ్లు రాసింది. జవాబులు రెండే వచ్చాయి. ఒకరు ఖాళీ లేదన్నారు, ఇంకొకరు వచ్చే ఏడాది చూద్దామన్నారు. మిగతావి బావిలో వేసిన రాళ్లే, చప్పుడైనా వినపడలేదు.

బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలో ఉన్న మూడు సైన్సు అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయని మాకు తెలిసేసరికి జనవరి వచ్చేసింది. దాని దరఖాస్తులు మామూలుగా నవంబరు నెలాఖరుతోనే ముగిసిపోతాయి. ఈ వ్యాపారం నడిచేదంతా ఇక్కడేనని తరువాత అర్థమైంది. అసలైన గడువులన్నీ దాటిపోయి, పిల్లలు ఉస్సూరుమంటూ కూర్చున్న వారంలోనే ఆ రంగురంగుల ప్రకటన ఫోనులోకి వస్తుంది.

ప్రకటనలో ప్రయోగశాల బోర్డు ముందు పదిహేనుమంది పిల్లలు తెల్లకోట్లు వేసుకుని నవ్వుతున్నారు. కింద ఫోను నంబరు. హైదరాబాదు హబ్సిగూడ, తార్నాక ప్రాంతంలో వరుసగా ఉన్న కేంద్ర సంస్థల్లో ఆ ప్రయోగశాల ఒకటి. దాని పేరు రాయను, ఎందుకంటే ఆ సంస్థ తప్పేమీ లేదు. మోసం చేసిన కన్సల్టెన్సీ పేరూ రాయను, ఆ వ్యవహారం ఇప్పుడు వినియోగదారుల కమిషన్ ముందుంది. పేరు తెలిసినా పెద్ద ప్రయోజనం లేదు లెండి, ఏడాదికోసారి బోర్డు మార్చుకునేవాళ్లు వీళ్లు.

ఫోను చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడారు. “మీ పాప ప్రొఫైల్ చాలా బాగుంది సార్. ఆ సంస్థతో మాకు ఒప్పందం ఉంది. ఇంక నాలుగు సీట్లే మిగిలాయి. ఇవాళ సాయంత్రం ఆరులోపు కడితే పేరు పంపించేస్తాం.” మా ఆవిడ వంటింట్లోంచే అంది, “పరిశోధన చేసేవాళ్లు డబ్బులిచ్చి పిల్లల్ని పెట్టుకుంటారు గానీ, పిల్లల దగ్గరే తీసుకుంటారా?” అని. నీకేం తెలుసులే అన్నాను. ఆ మాట ఇప్పటికీ వారానికి ఒకసారైనా నాకు తిరిగి వినిపిస్తూనే ఉంది.

డబ్బు కట్టిన నాలుగో రోజు ఉత్తరం పీడీఎఫ్‌గా వచ్చింది. దాన్ని ఆ రోజు ఒక బిల్లును చూసినట్టు చూసి ఉంటే సరిపోయేది. పైన మూడు సింహాల చిహ్నం ఉంది. దాని కింద ఉండాల్సిన ‘సత్యమేవ జయతే’ లేదు. లేఖ సంఖ్య ఉంది. సంతకం ఉంది, దాని కింద ‘డైరెక్టరు తరఫున’ అని మాత్రమే ఉంది. పేరు లేదు, హోదా లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మా అమ్మాయి ఏ విభాగంలో, ఏ శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తుందన్న ముక్క ఎక్కడా లేదు. ఇవన్నీ వదిలేసి నేను చూసింది చిహ్నం ఒక్కటే. ఆ వెంటనే పోలీసు వెరిఫికేషన్ కోసమంటూ 5,000 అడిగారు. అదీ పంపాను.

మే మొదటి వారంలో ఇద్దరం రాత్రి బండెక్కి తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగాం. తార్నాకలో హాస్టల్లో సామాను పడేసి తొమ్మిదింటికల్లా ప్రయోగశాల గేటు దగ్గర ఉన్నాం. మా అమ్మాయి కొత్త తెల్లకోటు ఇస్త్రీ మడత నలగకుండా చేతి మీద వేసుకుని నిలబడింది. మాలాగే ఇంకో ఇద్దరు పిల్లలు, వాళ్ల నాన్నలు కూడా వచ్చారు. గేటు దగ్గరి కాపలా ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, “ఏ సైంటిస్టు దగ్గరికమ్మా?” అని అడిగాడు. అమ్మాయి నా వంక చూసింది. ఆ చూపు చాలు, నాకు సంగతి అర్థమైపోయింది. “లోపల పనిచేయడానికి వచ్చే పిల్లల గురించి మాకు ముందే లోపలి నుంచి చెబుతారు సార్, పాస్ ఉంటుంది. ఇలాంటి కాగితాలు పట్టుకుని చాలామంది వస్తున్నారు,” అన్నాడాయన. మిగతా ఇద్దరు పిల్లల ఉత్తరాలు అడిగి తీసుకుని పక్కపక్కన పెట్టాను. మూడింటి మీదా లేఖ సంఖ్య ఒకటే. నెంబరు మార్చే ఓపిక కూడా లేకపోయింది వాళ్లకు.

కన్సల్టెన్సీకి ఫోను చేస్తే ఏమాత్రం తడబడలేదు. లోపల మరమ్మతులు జరుగుతున్నాయట, మొదటి నాలుగు వారాలు ‘అనుబంధ కేంద్రం’లోనేనట. లొకేషన్ పంపారు. వెళ్లాం. మెట్ల దాకా నేతి వాసన. గదిలో నలభై ప్లాస్టిక్ కుర్చీలు, రెండు సూక్ష్మదర్శినులు, ఒక మూలన పాలిథిన్ కవరు కప్పిన, డీఎన్‌ఏ నకళ్లు తీసే పీసీఆర్ యంత్రం. మా అమ్మాయి ఉన్నన్నాళ్లూ ఆ కవరు తీయలేదు. ఒకసారి వంగి చూస్తే ప్లగ్గు తీగే లేదట. ద్రవాలు కొలిచి పోసే పిపెట్టు ఆరుగురికి ఒకటి. పొద్దున వీడియోలు, మధ్యాహ్నం ‘ప్రాక్టికల్స్’. మూడో రోజు అరటిపండు గుజ్జులో ఉప్పు, గిన్నెలు తోమే ద్రవం కలిపి, చల్లటి స్పిరిట్ పోసి డీఎన్‌ఏ తీయించారు. సాయంత్రం ఫోను చేసి, “నాన్నా, ఇది నేను తొమ్మిదో తరగతి సైన్స్ ఫెయిర్‌లోనే చేశాను” అంది.

అయినా వెంటనే తిరిగి రాలేదు. హాస్టలుకు కట్టేశాం, నాలుగు వారాలయ్యాక నిజంగానే లోపలికి పంపుతారేమోనన్న ఆశ ఒకటి. తొమ్మిదో రోజు ఆ ఆశ కూడా పోయింది. ప్రకటనలోని పదిహేనుమందిలో ఒకబ్బాయిని మా అమ్మాయి ఎలాగో వెతికి పట్టుకుని అడిగింది. ఆ ఫొటో సెప్టెంబరు 26న తీశారని చెప్పాడు. అది 1942లో సీఎస్ఐఆర్, అంటే దేశమంతటా ఇలాంటి ప్రయోగశాలలు నడిపే కేంద్ర పరిశోధన మండలి, పుట్టిన రోజు. ఆ రోజున సీఎస్ఐఆర్ ప్రయోగశాలలు చాలావరకు సందర్శకుల కోసం తలుపులు తెరుస్తాయి, బడిపిల్లలు బస్సుల్లో వచ్చి చూసి వెళతారు. కన్సల్టెన్సీ వాళ్లు కూడా తమ బ్యాచిని అలాగే తీసుకువెళ్లి, బోర్డు ముందు నిలబెట్టి ఫొటో తీయించుకున్నారు. తెల్లకోట్లు అద్దెవి. మా ఫోనులోని ప్రకటనను పెద్దది చేసి చూస్తే, ఒక పిల్లాడి భుజం వెనక సగం తెగిన స్వాగత బ్యానరు కనిపించింది.

తొమ్మిది రోజులకే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు, ఎనిమిది వారాలు చేసినట్టు రాసి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆ కాగితమే. కాలేజీలో అమ్మాయి వాళ్ల లెక్చరరు మేడం దాన్ని చూసి, “ఇది పంపితే డబ్బు రాకపోవడం అటుంచి, ఉన్న స్కాలర్‌షిప్పే పోవచ్చు. దొంగ పత్రం పెట్టింది నువ్వే అవుతావు, వాళ్లు కాదు” అన్నారట. పంపలేదు. ఆ ఏటి 20,000 వదులుకున్నాం.

తరువాత నాకు తెలిసిన పనే చేశాను, కాగితం పెట్టాను. కేంద్ర సమాచార హక్కు పోర్టల్‌లో పది రూపాయలు కట్టి ఆ ప్రయోగశాలను మూడు ప్రశ్నలు అడిగాను. ఫలానా కన్సల్టెన్సీతో మీకు ఒప్పందం ఉందా? ఫలానా సంఖ్యతో ఈ ఉత్తరం మీరిచ్చిందేనా? విద్యార్థుల ఎంపికకు ఏదైనా ప్రైవేటు సంస్థకు అధికారం ఇచ్చారా? నెలలోపే జవాబు వచ్చింది. మూడింటికీ లేదు, కాదు, ఇవ్వలేదు. ఆ జవాబు మీద సంతకం, పేరు, హోదా, తేదీ అన్నీ ఉన్నాయి. ఎంత ముచ్చటగా ఉందో!

సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చేశాను గానీ అప్పటికే రెండు నెలలు దాటింది. మోసమని తెలిసిన గంటలోనే చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఉండగానే ఆపించే వీలుంటుంది. మీరు ఆలస్యం చేయకండి. జాతీయ వినియోగదారుల నంబరు 1915లోనూ చెప్పాను. వాళ్లు కబురు పంపాక కన్సల్టెన్సీ 5,000 తిరిగి ఇచ్చింది. మిగతా దానికి గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే వేయవచ్చు, హైదరాబాదు చుట్టూ తిరగక్కరలేదు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపుంటే దాఖలు రుసుము కూడా లేదు. రశీదులు లేకపోయినా యూపీఐ లావాదేవీల వివరాలు, వాట్సాప్ సంభాషణలు పనికొస్తాయి. దేన్నీ తుడిచేయకండి.

ఒక విషయంలో అపోహ వద్దు. డబ్బు అడిగినంత మాత్రాన దొంగలని కాదు. ప్రాజెక్టు పనికి వచ్చే విద్యార్థుల దగ్గర కొన్ని నిజమైన సంస్థలు కూడా ప్రయోగశాల వాడుకున్నందుకు బెంచ్ ఫీజు తీసుకుంటాయి. తేడా వరుసలో ఉంది. ముందు ఒక శాస్త్రవేత్త మీ అమ్మాయి పేరు చూసి సరేనంటారు, కాలేజీ ఉత్తరం అడుగుతారు, సంస్థ తన సొంత చిరునామా నుంచి అనుమతి పంపుతుంది. ఆ తరువాతే సంస్థ ఖాతాలోకి రుసుము, దానికి రశీదు. మాకు అన్నిటికన్నా ముందు జరిగింది డబ్బు కట్టడం, శాస్త్రవేత్త చివరిదాకా రానేలేదు. ఉత్తరం వస్తే ఆ సంస్థ వెబ్‌సైట్ మీరే వెతికి, అక్కడున్న నంబరుకు ఫోను చేసి అడగండి. ప్రకటనలో ఉన్న నంబరుకు కాదు.

అకాడమీల ఫెలోషిప్పులో అయితే వాళ్లే రెండు నెలలు భత్యమిచ్చి, రైలు ఛార్జీ కూడా ఇస్తారు. మాస్టారి సిఫారసు ఉత్తరం, మీరేం చేయాలనుకుంటున్నారో రాసిన చిన్న వ్యాసం కావాలి. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రానికి, ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు కూడా వేసవి కార్యక్రమాలున్నాయి. చలికాలంలోనే వాటి తలుపులు తెరుచుకుని మూసుకుంటాయి. సంక్రాంతి దాటాక చూద్దామనుకుంటే మాలాగే అవుతుంది.

ఎమ్మెస్సీ అయిన పిల్లలకు ఇంకో వల ఉంది. అదే కన్సల్టెన్సీ ధరల పట్టికలో ‘ప్రాజెక్ట్ ఫెలో, ఖాయంగా’ అని 1,20,000 రూపాయలకు పెట్టారు. అర్హత పరీక్ష పాసై పరిశోధనలో చేరే జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 ప్రభుత్వమే ఇస్తుంది. అర్హత పరీక్షకు ఫీజు ఉంటుంది, అది పరీక్ష నిర్వహించే సంస్థ వెబ్‌సైట్‌లో కట్టేది. ప్రాజెక్టు ఉద్యోగాలకైతే ప్రకటన చూసి, ధ్రువపత్రాలు పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లడమే. మధ్యలో ఇంకొకరికి చోటెక్కడిది?

ఈ వేసవిలో మా అమ్మాయి వాళ్ల లెక్చరరు మేడం సిఫారసుతో ఒక విశ్వవిద్యాలయంలో పనిచేసింది. ఆరు వారాలూ ఈగల్ని లెక్కపెట్టడమే. రోజూ ఈగల గురించే ఫోనులో చెప్పేది, పెట్టేయమన్నా పెట్టేసేది కాదు.

ఇదంతా ఇవాళ రాయడానికి కారణం నిన్న మా బావమరిది కొడుకు పంపిన ప్రకటన. “మామయ్యా, ఇది మంచిదేనా?” అని అడిగాడు. కన్సల్టెన్సీ పేరు వేరు, ఫోను నంబరు వేరు. పైన ఒక అమ్మాయి సూక్ష్మదర్శినిలోకి వంగి చూస్తోంది. ఎడమ చేతికి మా ఆవిడ కట్టిన ఎర్రదారం ఉంది.